భక్తుడా, వీరాభిమానా, పిచ్చోడా: ఎవరికి ఏ మాట వాడాలి

తిరుపతిలో ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఆహ్వానపత్రికలు కంపోజ్ చేసే మాలాంటి వాళ్లకు రోజూ ఒక పేచీ ఉంటుంది. బ్రహ్మోత్సవాలకు అన్నదానం పెట్టేవాళ్లు కింద తమ పేరు ముందు ఒక మాట వెయ్యమంటారు. హీరో పుట్టినరోజుకు రక్తదాన శిబిరం పెట్టేవాళ్లు ఇంకో మాట అడుగుతారు. నాయకుడు వస్తున్నాడని సర్కిల్‌లో బ్యానరు కట్టేవాళ్లకు మరొకటి కావాలి. ‘అన్నా, కొంచెం గట్టిగా ఉండే మాట వెయ్యన్నా’ అన్నది మాత్రం అందరి నోటా ఒకటే. తమకు ఆయనంటే ప్రాణమని నలుగురికీ తెలియాలి, అంతే.

తెలుగులో ఇందుకు మాటలకు కొదవ లేదు. భక్తుడు, దాసుడు, సేవకుడు, అభిమాని, వీరాభిమాని, ఆరాధకుడు, పిచ్చోడు, ఉన్మాది. పైకి అన్నీ చుట్టాల్లాగే కనిపిస్తాయి. అచ్చులోకి ఎక్కాక మాత్రం ఒకటి గౌరవం తెస్తుంది, ఒకటి నవ్వులపాలు చేస్తుంది, ఒకటి క్రైమ్ పేజీని గుర్తుచేస్తుంది.

ఏ మాట ఎంత ఘాటుగా ఉందో చూసి ఎంచుకునేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ముందు చూడాల్సింది అది కాదు, ఆ మాట ఎవరి నోట వస్తోందన్నది. తన గురించి తాను చెప్పుకోదగ్గవి కొన్ని. పక్కవాళ్లు అంటేనే శోభించేవి కొన్ని. మనం అనుకుంటే మురిపెంగా ఉండి, ఇంకొకరు అంటే తిట్టయ్యేవి మరికొన్ని. ఇది తేలితే ఘాటు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

భక్తుడు, యాత్రికుడు, స్వామి

వేరే ఊళ్లో ‘ఆయన గొప్ప భక్తుడండీ’ అంటే ఆ మనిషి గురించి ఏదో ఒకటి తెలుస్తుంది. మన ఊళ్లో అంత సీను లేదు. కొండ మీద క్యూలో నిలబడ్డ ప్రతి ఒక్కరూ భక్తుడే. నిన్న ఇంతమంది భక్తులు శ్రీవారిని దర్శించుకున్నారు, ఇంతమంది తలనీలాలు సమర్పించారు అని రోజూ లెక్క వస్తుంది. బస్సుకి ప్రయాణికుడు ఎలాగో కొండకి భక్తుడు అలాగ. ‘భక్తుల సౌకర్యార్థం’ అన్న బోర్డు చూసి తన భక్తిని గుర్తించారని పొంగిపోయినవాణ్ణి నేనింకా చూడలేదు.

కాబట్టి భక్తి లోతు చెప్పాలంటే ముందు ‘పరమ’ తగిలించడం కన్నా, ఆ మనిషి చేసే పని చెప్పడం మేలు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. తమిళుల పెరటాసి నెలలో వచ్చే శనివారాలకు తమిళనాడు నుంచి రోడ్డు పట్టుకుని గుంపులుగా నడిచొచ్చేవాళ్లుంటారు. మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లను మోకాళ్ల మీద ఎక్కేవాళ్లుంటారు. వాళ్ల గురించి ‘ఏటా కాలినడకన వచ్చే భక్తుడు’ అని రాస్తే చాలు, ఏ విశేషణమూ దాని పక్కన నిలవదు.

యాత్రికుడు అన్నది మనసు గురించి కాదు, ప్రయాణం గురించి. వసతి సముదాయాల పేర్లలో ఆ మాట ఉండటం అందుకే బాగుంది. లాడ్జీలు, ట్రావెల్స్ వాళ్లు కరపత్రంలో ఇదే వాడుకోవచ్చు.

మాల వేసుకున్నవాళ్లకు భక్తుడు సరిపోదు. అయ్యప్ప దీక్ష 41 రోజులూ మనిషికి సొంత పేరుండదు, పెద్దాచిన్నా అందరూ ‘స్వామీ’ అనే పిలుస్తారు. చిత్తూరు వైపు ఎర్రబట్టలు కట్టే ఓం శక్తి దీక్షలూ ఎక్కువే. వీళ్ల కోసం పత్రిక వేయిస్తుంటే ‘దీక్షాపరులు’ అనండి. అయ్యప్ప స్వాములకైతే భోజనం అనకుండా ‘భిక్ష’ అనండి. ‘అయ్యప్ప భక్తులకు భోజన ఏర్పాట్లు’ అని వేసిన కరపత్రం తప్పేం కాదు గానీ, గురుస్వామి దాన్ని చూసి మొహం అదోలా పెడతారు.

భాగవతోత్తముడు, భక్తాగ్రేసరుడు, భక్తశిఖామణి లాంటివి పూర్తిగా పక్కవాళ్ల నోటి మాటలు. తన పేరు ముందు తానే వేసుకుంటే చదివినవాళ్లు చాటుగా నవ్వుకుంటారు. పైగా మన పల్లెల్లో భాగవతులంటే రాత్రంతా ఆట కట్టేవాళ్లు కూడా.

అభిమాని, వీరాభిమాని, ఫ్యాన్

ఎక్కువ తికమక ఇక్కడే. అభిమాని మంచి మాట, ఎవరైనా ఎవరికైనా వాడొచ్చు, తనకు తానూ చెప్పుకోవచ్చు. చిక్కంతా దాని చుట్టూ ఉన్న మాటలతో. అభిమానవంతుడు అంటే అభిమానించేవాడు కాదు, మాట పడని ఆత్మగౌరవం కలవాడు. అభిమానధనుడు అంటే మరీను. ధర్మరాజు గుళ్ల దగ్గర భారతం ఉత్సవాలప్పుడు దుర్యోధనుడి గురించి చెప్పే మాట అది. హీరో పుట్టినరోజు ఫ్లెక్సీలో ‘అభిమానధనులకు స్వాగతం’ అని పెడితే, వచ్చినవాళ్లంతా తొడ కొట్టాల్సి వస్తుంది.

మూడు భాషలు కలిసే చోట ఉన్నాం కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా కావాలి. సంస్కృతంలో అభిమానానికి గర్వం అన్న అర్థం ఉంది, హిందీలో ఇప్పటికీ అభిమానీ అంటే గర్విష్ఠే. ఫ్లెక్సీ కింద హిందీలో కూడా వెయ్యమంటే అదే మాటను లిపి మార్చి దించేయకండి, అక్కడ ‘ప్రశంసక్’ అనాలి. కన్నడంలో ఆ ఇబ్బంది లేదు. రాజ్‌కుమార్ తన ప్రేక్షకులను ‘అభిమాని దేవరుగళు’ అనేవారు, అంటే అభిమాన దేవుళ్లని. దేవుడెవరో భక్తుడెవరో అక్కడ తారుమారైపోయింది.

తమిళంతోనే అసలు ప్రమాదం. చిత్తూరు, నగరి, కుప్పం వైపు తమిళ హీరోలకు మనవాళ్లలోనూ బోలెడంత పిచ్చి ఉంది. తమిళంలో అభిమానిని రసిగర్ అంటారు, అభిమాన సంఘం రసిగర్ మన్రం. దాన్ని తెలుగులోకి ‘రసికుల సంఘం’ అని దించితే ఆ సభ్యులకు ఇంట్లో అన్నం పుట్టదు. తెలుగులో రసికుడి చూపు సినిమా మీద మాత్రమే ఉండదు కదా. సంగీతం, సాహిత్యం తెలిసి ఆనందించేవాణ్ణి అనాలంటే ‘రసజ్ఞుడు’ ఉంది. సినిమాకైతే అభిమానే సరైనది.

వీరాభిమాని తనకు తాను ధైర్యంగా పెట్టుకోగల మాట. అభిమాని సినిమా చూస్తాడు, వీరాభిమాని తెల్లవారుజామున బెనిఫిట్ షో చూసి, బయటికొచ్చి కటౌట్‌కి పాలాభిషేకం చేసి, మళ్లీ మ్యాట్నీకి టికెట్ వెతుక్కుంటాడు. కుర్రవాళ్ల ఫ్లెక్సీకి ఇది భేషుగ్గా నప్పుతుంది. షాపు పెట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు చేసిన పెద్దమనిషి ఫొటో కింద మాత్రం వెయ్యకండి. ‘చిరకాల అభిమాని’ అనండి. హుందాగా ఉంటుంది, ఆయన ఎన్నేళ్లుగా అంటిపెట్టుకుని ఉన్నాడో కూడా అందులోనే తెలుస్తుంది.

దురభిమానం అభిమానానికి పెద్దన్న కాదు, వేరే జాతి. భాషాభిమాని తన భాష కోసం పని చేస్తాడు. భాషా దురభిమానికి పక్కవాడి భాషను తిడితే గానీ పొద్దుపోదు. ఈ రెండింటినీ కలిపేసి వాడటం మాత్రం నేను ఒప్పుకోను.

ఫ్యాన్ చిన్న మాట, అక్షరాలు తక్కువ, ఫ్లెక్సీలో పెద్ద సైజులో పడుతుంది. కానీ మన రాష్ట్రంలో అది ఒక పార్టీ ఎన్నికల గుర్తు కూడా. ఎన్నికల సీజన్‌లో ‘మేమంతా ఫ్యాన్సే’ అని పెట్టేముందు ఎవరి పుట్టినరోజు చేస్తున్నారో ఓసారి ఆలోచించుకోండి.

సినిమా నుంచి పార్టీకి దారి ఈ ఊరికి కొత్త కాదు. 1983లో ఎన్టీఆర్ గెలిచిన సీట్లలో తిరుపతి ఒకటి. 2008 ఆగస్టు 26న చిరంజీవి ప్రజారాజ్యం పార్టీని ప్రకటించింది ఇక్కడే, 2009లో ఆయన ఎమ్మెల్యే అయిందీ ఇక్కడి నుంచే. రెండుసార్లూ అభిమాన సంఘాలే తెల్లారేసరికి పార్టీ కమిటీలయ్యాయి. అప్పుడు ఏ మాట వాడాలి? కార్యకర్తకు సభ్యత్వం ఉంటుంది, బూత్ దగ్గర డ్యూటీ ఉంటుంది, రేపు పదవి రాకపోతే అలిగే హక్కూ ఉంటుంది. అభిమానికి ఇవేవీ లేవు, ఆయన అలిగినా పట్టించుకునేవాళ్లుండరు. కొందరు ‘అన్న అనుచరులు’ అని వెయ్యమని పట్టుబడతారు. నేను వద్దంటాను. అనుచరుడు ఒకప్పుడు వెంట నడిచేవాడే, ఇప్పుడు పేపర్లలో ఆ మాట పక్కన ఎప్పుడూ ‘దాడి’, ‘దందా’, ‘పరారీ’ ఉంటున్నాయి. ‘అన్న అభిమానులు’ అంటే అన్నకీ మంచిది.

కొండ దిగితే అర్థం తిరగబడేవి

దాసుడు తనను తాను మాత్రమే అనుకోవాల్సిన మాట. దాసుణ్ణని, దాసానుదాసుణ్ణని చెప్పుకుంటే వినయం. ‘వాడు ఫలానా ఆయన దాసుడు’ అని ఇంకొకరంటే చాకిరీ. బంటు కూడా అంతే. రామబంటు హనుమంతుడికి దక్కిన బిరుదు, అదే రాముడి స్థానంలో కాంట్రాక్టరు పేరు పెట్టి చూడండి, ఎలా ధ్వనిస్తుందో. భజన సంగతి ఇంకా ఘోరం. గుళ్లో భజన బృందం పవిత్రం, ఆఫీసులో భజన బ్యాచ్ వెక్కిరింత. అందుకే రాజకీయ ఫ్లెక్సీలో ‘భజన’ అన్న మూడక్షరాలు పొరపాటున కూడా రానివ్వను.

ఇలా కొండ మీద ఒక అర్థం, కింద ఇంకో అర్థం ఇచ్చే మాటలు మనకు చాలానే ఉన్నాయి. కైంకర్యం చూడండి. రామానుజుల మాట మీద అనంతాళ్వారు తిరుమలలో పూలతోట పెంచి పుష్పకైంకర్యం చేశాడు. చెరువు తవ్వుతుంటే సాయానికొచ్చిన పిల్లవాణ్ణి కూడా, సేవలో వాటా ఇవ్వనని గునపంతో అదిలించాడట. ఆ దెబ్బ తగిలింది స్వామి గడ్డానికేనని, గడ్డం మీద పచ్చకర్పూరం అందుకే పెడతారని కథ. ఆ గునపం ఇప్పటికీ గుడి మహాద్వారం దగ్గర వేలాడుతుంటుంది. అలాంటివాణ్ణి కైంకర్యపరుడంటారు. అదే మాట మునిసిపాలిటీ వార్తలోకి వస్తే ‘నిధులు కైంకర్యం’. నిలువుదోపిడీ కొండ మీద ఒంటిమీది నగలన్నీ హుండీలో వేసే మొక్కు, కింద ఆటోవాళ్ల మీద ఫిర్యాదు. మొక్కుబడి అక్కడ ప్రాణం పెట్టి తీర్చుకునేది, ఇక్కడ మనసు పెట్టకుండా చేసే పని. ‘మా సంఘం మొక్కుబడిగా అన్నదానం చేస్తోంది’ అని ఒకరు రాసిచ్చిన కాగితం నా దగ్గర చాలాకాలం ఉండేది. ‘మొక్కు తీర్చుకుంటూ’ అని మార్చి వేశాం.

సేవకుడికి ఈ బాధ లేదు. 2000లో మొదలైన శ్రీవారి సేవ వల్ల ఆ మాటకు కొత్త పరువొచ్చింది. సొంత ఖర్చులతో వచ్చి, జీతం లేకుండా క్యూలైన్లలో, అన్నప్రసాదం దగ్గర పని చేసేవాళ్లని సేవకులు అనే అంటారు. దాసుడి కన్నా తేలిక, ఉద్యోగి కన్నా ఎత్తు. ఏం వెయ్యాలో తోచనప్పుడు నేను మొదట సూచించేది దీన్నే.

పిచ్చి, యావ, ప్రియుడు

‘నాకు క్రికెట్ పిచ్చి’ అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ‘వాడికి క్రికెట్ పిచ్చి’లో ముద్దు, విసుగు సగం సగం. ‘వాడొక క్రికెట్ పిచ్చోడు’ అన్నాక ముద్దు తగ్గిపోతుంది. పిచ్చి ఉందనండి, పిచ్చోడనకండి. ఒకటి అలవాటుకు అంటుకుంటుంది, రెండోది మనిషికే అంటుకుంటుంది.

చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతికి జరిగే పశువుల పండగ చూసినవాళ్లకు పిచ్చి అన్న మాట అవసరం అర్థమవుతుంది. ఎద్దుల కొమ్ములకు చెక్క పలకలు కడతారు. వాటి మీద దేవుడి బొమ్మ ఉంటుంది, హీరో బొమ్మ ఉంటుంది, నాయకుడి బొమ్మా ఉంటుంది. గుంపులోంచి దూసుకొచ్చే ఎద్దును నిలేసి ఆ పలకను లాక్కోవాలి. పెట్టినవాడు భక్తుడో అభిమానో కార్యకర్తో గానీ, లాగేవాడికి పండగ పిచ్చి, అంతే. ‘పశువుల పండగ ఔత్సాహికులు’ అని ఎవరో రాశారు. ఆ మాట అక్కడ చప్పగా చచ్చిపోయింది. ఔత్సాహికుడిలో ఇంకా నేర్చుకుంటున్నాడు, వృత్తి కాదు అన్న ఛాయ ఉంది. ఔత్సాహిక నాటక సమాజానికి, ఔత్సాహిక ఫొటోగ్రాఫర్‌కి బాగుంటుంది.

యావ ఎప్పుడూ ఎదుటివాడికే ఉంటుంది. డబ్బు యావ, తిండి యావ, పదవీ యావ. తనకు యావ ఉందని ఒప్పుకున్నవాడు కనపడడు. మోజు నాలుగు రోజుల్లో తీరిపోయేది. ప్రియుడు సమాసంలో ఉన్నంతసేపే క్షేమం: సంగీతప్రియులు, భోజనప్రియులు. విడిగా నిలబెడితే కథ మారిపోతుంది. రాయుళ్లు పేకాటలో, పందేల్లో దొరికినవాళ్లకు పేపరువాళ్లు పెట్టిన పేరు. సరదాకి కూడా అన్నదానం ఫ్లెక్సీలో ‘భోజనరాయుళ్లు’ వద్దు.

ఒకదాని బదులు ఇంకోటి వాడకూడని జంట మరొకటుంది: ముగ్ధభక్తి, మూఢభక్తి. రెండూ ఒకే ధాతువులోంచి పుట్టిన మాటలే. శ్రీకాళహస్తిలో తిన్నడు చేసిన పని తలుచుకోండి. పుక్కిట పట్టిన నీళ్లతో లింగానికి అభిషేకం చేశాడు, మాంసం నైవేద్యం పెట్టాడు. శివుడి కంట్లో నెత్తురు కారితే తన కన్ను పెకలించి పెట్టాడు. రెండో కంటికీ అదే జరిగితే, తన రెండోది కూడా తీసేశాక చోటు కనపడదు కదా అని గుర్తుకి కాలు ఆనించి మరీ బాణం ఎత్తాడు. రోజూ పొద్దున్నే వచ్చి మాంసం ముక్కలు ఊడ్చుకునే పూజారి దృష్టిలో అది మూఢత్వం. కథ చెప్పేవాళ్లందరి దృష్టిలో ముగ్ధభక్తి. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో ఇలాంటి ముగ్ధభక్తులు ఎందరో కనిపిస్తారు. ఏం చేస్తున్నాడో తెలియకపోయినా ఎవరికీ చెడు చెయ్యనివాడికి ముగ్ధ వాడండి. తెలిసినా వినిపించుకోనివాడికి మూఢ ఉంది.

ఉన్మాది, ఛాందసుడు

ఉన్మాదిని సరదాకి వాడే రోజులు పోయాయి. ప్రేమోన్మాది అంటే కత్తి పట్టినవాడు, మతోన్మాది అంటే మనుషుల ప్రాణాలకు లెక్కలేనివాడు. సినిమా కుర్రాళ్ల మీద ఈ మాట వెయ్యడం అన్యాయం, నిజంగా దాడి చేసినవాణ్ణి వీరాభిమాని అనడం అంతకన్నా అన్యాయం. రెండోది టీవీల్లో తరచూ జరుగుతోంది. ఛాందసుడు మొదట్లో వేదం చదివినవాడు, ఇప్పుడు పట్టిన పట్టు విడవనివాడు. అతను ఎవరినీ కొట్టడు, కాకపోతే మాట వినడు. అధికారులు, పోలీసులు హద్దు మీరితే ‘అత్యుత్సాహం’ అన్న మర్యాదైన మాట ఒకటి ఉంది, దాన్ని వాళ్లకే వదిలేద్దాం.

ఇంగ్లీష్ నుంచి తెస్తుంటే

అనువాదం చేసే పిల్లలు ఫ్యానటిక్, ఎంథూజియాస్ట్, డివోటీ మూడింటికీ నిఘంటువులో మొదటి మాట తీసి పెట్టేస్తారు. వాటి పుట్టుక చూస్తే మన జాతర గుర్తొస్తుంది. ఫ్యానటిక్ లాటిన్‌లో గుడి అనే మాట నుంచి వచ్చింది, ఫ్యాన్ దానికి పొట్టి రూపమని ఎక్కువమంది చెబుతారు. ఎంథూజియాజమ్ గ్రీకులో దేవుడు లోపల ఉండటం, అంటే మన పూనకమే. డివోటీ వెనకున్నది మొక్కు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు రండి, మూడూ ఒకే వీధిలో ఎదురవుతాయి. బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం, మాతంగి వేషం కట్టి, మగవాళ్లు చీర కట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. ఆ వారం ‘ఏం వేషం కట్టినావు’ అన్నది గౌరవంగా అడిగే ప్రశ్న. మిగతా ఏడాదంతా ‘ఏం వేషాలేస్తున్నావు’ అంటే తగువే.

అంచేత ఆ ఇంగ్లీష్ మాటల పుట్టుకను కాదు, ఈనాటి వాడుకను చూసి తెలుగు పెట్టండి. ఫ్యానటిక్ నిందగా వస్తే మతోన్మాది లేదా దురభిమాని. కార్ ఎంథూజియాస్ట్ అంటే ‘కార్ల పిచ్చి ఉన్నవాడు’, అది కాస్త మర్యాదగా కావాలంటే ‘కార్లంటే మక్కువ ఉన్నవాడు’. డివోటీ గుడి సందర్భంలో భక్తుడు, శాస్త్రీయ సంగీతం దగ్గర ఆరాధకుడు.

ఆడవాళ్లకు

అభిమాని, వీరాభిమాని, కార్యకర్త ఆడా మగా ఇద్దరికీ సరిపోతాయి. భక్తుడికి భక్తురాలు, సేవకుడికి సేవకురాలు ఉన్నాయి. దాసుడి దగ్గర ఆగండి. దాసి అంటే పనిమనిషి అన్న అర్థమే ముందు తడుతుంది, దాసురాలు అనాలి. అదీ ఆవిడే అనుకుంటేనే బాగుంటుంది. తరిగొండ వెంగమాంబ ఉదాహరణ చాలు. చిన్నప్పుడే భర్త పోయినా వైధవ్యపు ఆచారాలకు ఒప్పుకోక, దేవుడే మొగుడన్న ఆమెను ఊళ్లోవాళ్లు పిచ్చిదన్నారని చెప్పుకుంటారు. ఇవాళ తిరుమలలో అన్నప్రసాద కేంద్రానికి ఆమె పేరే. ఏకాంత సేవలో ‘తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి’ అని సామెతలా అనుకుంటాం. ఆమె గురించి రాసేటప్పుడు ‘భక్తకవయిత్రి’ అనడమే పద్ధతి.

మహిళా సంఘాల వాళ్లు ‘భక్తురాళ్ల బృందం’ అని రాసుకొస్తుంటారు. తప్పు కాదు గానీ పదడుగుల ఫ్లెక్సీలో సగం అదే తినేస్తుంది. ‘మహిళా భక్తబృందం’ అని వేస్తే సరిపోతుంది, పక్కన అమ్మవారి ఫొటోకి చోటు కూడా మిగులుతుంది.